ట్యాంకులో మంచినీళ్లు

మరపడవ ఆగిపోయిన కబురు ఆ సాయంత్రానికే నౌపడ స్టేషనులో టీ తాగేవాళ్ల దాకా పోయింది.

ఆ పేట జాలర్లకి సర్కారు ఇచ్చిన మొట్టమొదటి ఇంజను పడవ అది. ఏటిమొగ దగ్గర జనమంతా చేరి చూస్తుండగా, ఫిషరీసు ఆఫీసరు గణపతిరావుగారిని ఎక్కించుకుని, డ్రైవరు కొండబాబు దాన్ని సముద్రం వైపు తిప్పాడు. కెరటాల దాకా కూడా చేరలేదు. ఇంజను దగ్గింది. తెల్లటి పొగ కక్కింది. ఆగిపోయింది. ఆఫీసరుగారు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని పడవలోనే కూర్చుంటే, పేట మనుషులు నడుంలోతు నీళ్లలో దిగి దాన్ని తాళ్లతో ఒడ్డుకి ఈడ్చారు.

ఒడ్డున నవ్వినవాళ్లు నవ్వారు. కొండబాబు తండ్రి గంగులు నవ్వలేదు, అక్కడ నిలబడనూ లేదు. వల భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. అందరి అనుమానమూ అక్కడే మొదలయింది. ఎండలు ముదరకముందు పేట పెద్ద నూకయ్య అరుగు మీద, అందరి ముందూ, “ఆ మర మన నీలలో తిరిగితే సేపలు బెదిరిపోతాయి, వలలు సిరిగిపోతాయి. నాను బతికుండగా తిరగనివ్వను” అన్నవాడు గంగులే మరి.

గణపతిరావుగారు మెత్తని మనిషి. గొంతు పెంచలేదు. పడవ దిగి, రుమాలుతో కాళ్లు తుడుచుకుని, “ట్యాంకులో ఎవరో ఏదో పోశారు కొండబాబూ. ఇది గవర్నమెంటు సొత్తు, నేను ఊరుకోవడానికి లేదు. రేపు మధ్యాహ్నం పోలీసుల్ని వెంటబెట్టుకుని వస్తాను. అప్పటికి ఇంజను తిరగాలి, చేసిందెవరో తేలాలి. లేదంటే పడవ ఇంకో ఊరికి పోతుంది. నువ్వు నీ దారి చూసుకోవాలి” అన్నాడు.

నీ దారి చూసుకో అన్నమాట కొండబాబుకి కొత్తకాదు.

మీసం రాని వయసులో తండ్రితో పోట్లాడి తెప్ప దిగిపోయిన దగ్గర్నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాడు. ముందు నౌపడ ఉప్పుమడుల్లో పార పట్టాడు. వానలు పడగానే అక్కడ మేస్త్రీ అన్నాడు. తరవాత పర్లాకిమిడి పోయే చిన్నబండి రైలు ఇంజనుకి బొగ్గు ఎత్తాడు. అక్కడా అన్నారు. విజయనగరం అవతల జనపనార మిల్లులో కదుళ్లకి నూనె పోసే పనిలో చేరి, మెల్లగా ఫిట్టరు పక్కన రెంచీ అందించే దాకా వచ్చాడు. మిల్లు గేటుకి తాళం పడ్డ రోజున అతనొక్కడికే కాదు, అందరికీ అన్నారు. ఆఖరికి ఒక టూరింగ్ టాకీసులో ఆయిలింజను నడిపే పని దొరికింది. చీపురుపల్లి, పాలకొండ, రామతీర్థం జాతర, డేరా ఎక్కడ వేస్తే అక్కడ అతని ఇంజను. గాలివానకి డేరా చినిగి ముక్కలైపోయినప్పుడు, ముసలి ఓనరు ఏడుస్తూనే ఆ మాట అన్నాడు.

ఇప్పుడు మళ్లీ వింటే ఇంక పోవడానికి దారంటూ లేదు. కొండబాబుకి ముప్ఫై అయిదు దాటాయి. ఉప్పుమడుల్లో కుర్రాళ్లు బోలెడుమంది. మిల్లు తాళం తుప్పు పట్టింది. వేరే డేరావాళ్లకి వేరే ఇంజనువాళ్లున్నారు. పుట్టిన పేటలో, తను పారిపోయిన సముద్రం మీదే దొరికిన ఈ పని పోతే, ఇంక ఎవరి గుమ్మం ముందు నిలబడాలో అతనికి తోచలేదు.

తెల్లవారగానే తండ్రి దగ్గరకి వెళ్లాడు.

గంగులు గుడిసె వెనక కాళ్లు చాపుకుని కూర్చుని, బొటనవేలికి వల తగిలించి, చిరుగులు అల్లుతున్నాడు. కొడుకు నీడ వల మీద పడింది. తలెత్తలేదు.

“అయ్యా, ఒక మాట అడుగుతాను. కోప్పడకు.”

“అడుగు.”

“నిన్న పొద్దున్న పడవ కాడికి ఎల్లినావా?”

“ఎల్లినాను. సూసినాను. ఒచ్చీసినాను.”

“ట్యాంకు మూత ముట్టుకున్నావా?”

గంగులు చేతిలో సూది ఆగింది. తలెత్తి కొడుకు మొహంలోకి చూశాడు. ఎండకీ ఉప్పుగాలికీ చితికిపోయిన ఆ కళ్లలో కోపం కనిపిస్తే కొండబాబుకి బాగుండేది. కోపం లేదు.

“నాకా మర ఇష్టం నేదు. నూకయ్య అరుగు మీద సెప్పిందే నీ ముందూ సెప్తన్నాను. కానీ కొండా, నాను పడవకి అపకారం సెయ్యను. అది సెక్కదైతేనేటి, ఇనపదైతేనేటి. దాని మీద మనుసులు ఎక్కుతారు. కెరటాల మజ్జిలో ఆగిపోతే ఆళ్లేటైపోతారు? నాను ఎరగనా?” గంగులు వల మీదకి వంగాడు. “పదిమందీ అనుకుంటన్నారు. అనుకోనీ. నువ్వు ఒచ్చి అడగడానికి నీకు నోరెలగ ఒచ్చినాదిరా.”

కొండబాబు వెనక్కి తిరిగాడు. ఏటిమొగకి నడిచాడు.

పడవ పాయలో కొయ్యకి కట్టి ఉంది. ఇంజను గదిలోకి దిగి, ట్యాంకు అడుగు బోల్టు విప్పి కింద కిరసనాయిలు డబ్బా పెట్టాడు. మొదట వచ్చింది డీజిలు కాదు. నీళ్లు. బరువుగా అడుగుకి చేరిన నీళ్లు, డబ్బాలో సగం దాకా. ఆ తరవాతే డీజిలు సన్నగా, పచ్చగా జారడం మొదలుపెట్టింది.

సముద్రం నీళ్లే అయితే పని అయిపోయినట్టే. ఉప్పు ఒక రాత్రి పంపులో నిలవ ఉందంటే లోపల తుప్పు పట్టి, ముక్కలు పట్టేసుకుంటాయి. అవి విశాఖపట్నం నుంచి తేవాలి, దానికి ఎన్నాళ్లు పడుతుందో ఎవరికీ తెలీదు. వేలిని డబ్బాలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

డీజిలు వాసన కొట్టింది. ఉప్పు లేదు.

నమ్మకం కుదరక మళ్లీ ముంచి చూశాడు. మంచినీళ్లే.

బతికానన్న సంతోషం ముందు కలిగింది. పంపు పాడై ఉండదు. కడిగి బిగిస్తే తిరుగుతుంది. ఆ వెనకే ఇంకొకటి తోచి, డబ్బా పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే కూర్చుండిపోయాడు.

ఆ పేటలో మంచినీళ్లు ఎవరు పారబోస్తారు? పేట నూతుల్లో ఉన్నవన్నీ ఉప్పునీళ్లు. ఒక బిందె తాగేనీళ్లు కావాలంటే ఆడవాళ్లు ఉప్పుమడుల గట్ల మీద కాళ్లు కాల్చుకుంటూ నడిచి, రైలుకట్ట అవతల నూతికి పోవాలి. పడవ మీద కక్షతో వచ్చినవాడు వంగి, పక్కనున్న పాయలోంచి ముంచి పోస్తాడు. అంత దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లు పొయ్యడు. మంచినీళ్ల బిందెతో పడవ ఎక్కినా ఎవరూ ఎందుకని అడగని మనిషి ఒక్కతే ఉంది. ఆఫీసరుగారికి తాగడానికి నీళ్లు పెట్టమని ఆమెకి చెప్పింది కూడా కొండబాబే.

అతని భార్య గురమ్మ.

ఆ వేళకి గురమ్మ ఇసకదిబ్బ అవతల నెత్తళ్లు ఎండబెడుతోంది. పాత వలలు పరిచి, వాటి మీద చేపని చేప తాకకుండా వేళ్లతో సర్దుతోంది. గంగులుకి సొంత చెల్లెలి కూతురు ఆమె. కొండబాబుకి చిన్నప్పుడే అనుకున్న సంబంధం. ఉప్పుమడుల దగ్గర్నుంచి డేరా దాకా అతని వెనకాలే తిరిగింది. రెండేళ్ల కిందట పేటకి తిరిగొచ్చినప్పుడు ఈ దిబ్బ పక్కన చోటు చూసుకుని ఎండుచేపల పని మొదలుపెట్టింది. ఇప్పుడు ఆమె గంప టెక్కలి సంతకి పోతుంది.

“గురమ్మా.”

“తిన్నావా? కుండలో గంజన్నం ఉన్నాది.”

“ట్యాంకులో మంచినీలున్నాయి.”

ఆమె చెయ్యి ఆగింది. తరవాత మళ్లీ కదిలింది. చేతిలో మిగిలిన చేపలు సర్దడం అయ్యాక, మోకాళ్ల మీదనుంచి లేవకుండానే, “అవును” అంది.

కాదంటుందని కొండబాబు లోపల్లోపల ఆశపెట్టుకున్నాడు. కాదంటే కాదనే నమ్మేవాడు.

“నువ్వేనా?”

“నానే. ఆఫీసరుకి నీలు పెట్టమన్నావు కదా. కడవలో సగం ఆ మూత తీసి పోసీసినాను. సగం ఆయనకి పెట్టినాను.”

“ఎందుకు?”

గురమ్మ చేతుల పొలుసులు చీరకి తుడుచుకుంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా నిద్రపోలేదని అతనికి అప్పుడు తెలిసింది. నిన్నంతా అతను ఆమె మొహం చూడనే లేదు.

“మొన్న నూకయ్య తాత గుమ్మం కాడ ఎండుసేపలు అమ్ముతున్నాను. ఆఫీసరు ఆయనతో సెప్తన్నాడు. పడవ బాగా తిరిగితే డ్రైవరుని కాకినాడ అంపుతాం, ఒక ఏడాది అక్కడ నేర్సుకుంటాడు, ఆ పిమ్మట ఏ రేవులో ఏస్తే ఆ రేవులో ఉంటాడు అని. కొండబాబు ఒప్పుకున్నాడు అని కూడా సెప్పినాడు. నువ్వు ఎప్పుడు ఒప్పుకున్నావు బావా?”

కొండబాబు తల పక్కకి తిప్పుకున్నాడు.

“నన్ను అడిగినావా?”

“అడిగితే రానంటావని.”

“అంటానని తెలుసు. తెలిసే అడగనేదు.”

“కాకినాడేటి సీమదేశమా? ఏడాది. ఏడాది తరవాత సర్కారు ఉద్యోగం. నెలనెలా జీతం. నీకు తెల్దా, గురమ్మా, ఇన్నాళ్లూ నాను తిరిగిందంతా దీనికోసమేనని?” అతను చేతులు చాపి చూపించాడు. “మిల్లు మూసీసినా బోల్టు బిగించడం నాతో ఒచ్చినాది. డేరా ఎగిరిపోయినా ఇంజను సంగతి నాతో ఒచ్చినాది. అయ్య తెప్ప మీద నేర్సిన గాలి, కెరటం, అవీ నాతోనే ఉన్నాయి. నాను ఏ పనిలోంచీ ఉత్త సేతులతో రానేదు. ఇవన్నీ ఒక్క కాడ పనికొచ్చే రోజు ఒకటి వస్తాదని కనిపెట్టుకుని ఉన్నాను. అది నిన్న. నువ్వు దాంట్లో నీలు పోసినావు.”

గురమ్మ లేచి నిలబడింది. అతని భుజం దాకా వస్తుంది ఆమె.

“నాను ఉత్త సేతులతోనే ఒచ్చినాను బావా. మిల్లు కాడికి అమ్మడిని సంకనేసుకుని ఎల్లినాను. ఒచ్చినప్పుడు నా సంక ఉత్తిదే.”

ఆ పేరు వాళ్లిద్దరి మధ్యా పలికి ఏళ్లయింది. మిల్లు కూలీల లైను ఇళ్లలో, మూడేళ్లు నిండని వాళ్ల కూతురు, జ్వరంతో ఒక వానాకాలం పోయింది. కొండబాబు అప్పుడు షిఫ్టులో ఉన్నాడు. అతను వచ్చేసరికి లైన్ల ఆడవాళ్లు పిల్లకి స్నానం చేయించేశారు.

“దాన్ని అక్కడే ఒదిలీసి డేరా ఎనకాల నడిసినాను” అంది గురమ్మ. ఆమె ఏడవడం లేదు. “ఒక ఊర్లో పొయ్యి ఎడితే అది ఆరకముందే లెగమన్నావు. ఎవుర్తోనైనా నాలుగు మాటలు కలిపే నోపల లెగమన్నావు. నీకు పనుంటే సాలు, నాకేటి అక్కర్లేదనుకున్నావు. ఇక్కడికొచ్చినాక నాకూ ఒక పని దొరికినాది. నీకది పనిలాగ అవుపించదు. ఎండుసేపలంటావు. ఒక వారం సంతకి ఎల్లకపోతే, గురమ్మ రానేదేటని టెక్కలిలో ముసిలమ్మలు అడిగినారంట. నన్ను ఎవరైనా ఎక్కడైనా అడిగినారా ఇన్నాళ్లూ?”

“నీ ఎండుసేపల కోసం నా బతుకు ఆపీసినావు.”

అనేశాక, అనకుండా ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. కానీ అప్పటికే అన్నాడు.

“ఆపీసినాను” అంది ఆమె నెమ్మదిగా. “ఒక్క దినం ఆపుదామనుకున్నాను. ఒక్క దినం ఆగితే నువ్వు ఇంటికొచ్చి కూకుంటావు, అప్పుడు మాటాడదామనుకున్నాను. ఉప్పునీలు పోస్తే ఇంజను సచ్చిపోతాదని డేరా కాడ నువ్వే సెప్పినావు. అందుకే మంచినీలు పోసినాను. నీ ఇంజనుని సంపడానికి కాదు.”

“కెరటాలలో ఆగుంటే? ఆయనా నానూ తల్లకిందులై పోయుంటే?”

గురమ్మ ఎండుతున్న చేపల వైపు తిరిగింది. ఆ సంగతి ఆమెకి నిన్న ఒడ్డున నిలబడ్డప్పుడే తోచింది. పడవ ముక్కు కెరటాల వైపు తిరిగినప్పుడు, అది తొందరగా ఆగాలని ఒకసారీ, అసలు ఆగకూడదని ఒకసారీ గంగమ్మకి మొక్కుకుంది. అది ఇప్పుడు చెప్పుకోవడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

“మజ్జాన్నం పోలీసులొస్తారు” అన్నాడు కొండబాబు. “ఎవరో సెప్పమంటారు. నానేటి సెప్పాలి?”

“నిజం సెప్పు.”

“నిజం సెప్తే నిన్ను తీసుకుపోతారు. సెప్పకపోతే పడవ తీసుకుపోతారు. నాకేటి మిగిల్సినావే?”

జవాబు కోసం ఆగకుండా వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు అక్కడే నిలబడిపోయాడు. చేపలు ఆరేసిన పందిరి గుంజ పక్కన గంగులు ఉన్నాడు, చుట్టచుట్టిన వల భుజాన వేసుకుని. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలీదు. కొడుకు వంక చూడలేదు. కోడలి వంకే చూస్తున్నాడు. వల భుజం మీంచి దింపి, గుంజకి ఆనించి, దిబ్బ మీదుగా రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయాడు.

పొద్దున్న తను అడిగినదానికి తండ్రి బాధ ఇంకా తగ్గలేదనుకున్నాడు కొండబాబు. వెనకనుంచి పిలుద్దామనుకుని, ఏ మొహంతో పిలవాలో తెలీక, ఏటిమొగకి పోయాడు.

ఇంజను గదిలో వేడికి ఊపిరాడటం లేదు. ట్యాంకు మొత్తం దింపి ఆరబెట్టాడు. ఫిల్టరు విప్పి డీజిలుతో కడిగాడు. నాజిలు ఊడదీసి వెలుగులో పట్టి చూశాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే బుర్ర ఇంకోచోట తిరుగుతోంది. సముద్రం మీద కోపం తీర్చుకోవాలంటే కెరటాన్ని తెడ్డుతో కొడతావు. ఉప్పుమేస్త్రీ మీద కోపమొస్తే పార విసిరేస్తావు. పెళ్లాం మీద కోపమొస్తే, ఆ కోపం కింద నువ్వే కనిపిస్తున్నప్పుడు ఏం చేస్తావు? అమ్మడు పోయిన మర్నాడు తను షిఫ్టుకి వెళ్లాడు. నాగా పెడితే పని పోతుందని. ఆ పొద్దున్న గురమ్మ గుమ్మంలో నిలబడి చూసింది, ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం అతనికి అప్పుడు సౌకర్యంగా ఉండింది. ఈ రెండేళ్లుగా కూడా అంతే.

నూకయ్య కుర్రవాళ్లని పంపుతానని కబురు చేశాడు. వద్దన్నాడు. గొట్టాల్లో గాలి పోయేదాకా నట్లు వదులు చేసి, పంపు ఆడించి, మళ్లీ బిగించాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. హ్యాండిలు తగిలించి, మనసులో ఏమీ అనుకోకుండా, బలమంతా పెట్టి తిప్పాడు. ఇంజను మూలిగింది. మళ్లీ తిప్పాడు. గొట్టంలోంచి తెల్లటి పొగ ఉమ్మింది. అరచేతుల చర్మం లేచిపోయింది. కళ్లు మూసుకుని మళ్లీ తిప్పాడు.

అందుకుంది.

ఒకటే దెబ్బ, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఆగని వరస. పడవ చెక్కలన్నీ పాదాల కింద వణికాయి. తెల్లటి పొగ నల్లబడి, పలచబడి, పోయింది. కొండబాబు వేడెక్కిన ఇనుము మీద చెయ్యి ఆనించి, నుదురు చేతికి ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ చప్పుడులో అతని ఏడుపు అతనికే వినిపించలేదు. ఇది తన పని. ఇంకెవరు ఏమన్నా, ఇంకెన్ని ఊళ్లు పొమ్మన్నా, ఇది తన పని. ఆ సంగతి ఇంత గట్టిగా అతనికి ఎన్నడూ తెలియలేదు. ఇంత భయమూ ఎన్నడూ వెయ్యలేదు.

తలెత్తి చూసేసరికి ఒడ్డున జనం. ఇంజను చప్పుడు విని వచ్చారనుకున్నాడు. కానీ ఎవరూ పడవ వైపు చూడటం లేదు. అందరూ దిబ్బ మీద ఆగిన జీపు చుట్టూ మూగి ఉన్నారు.

ఇంజనుని అలాగే తిరగనిచ్చి నీళ్లలోకి దూకాడు.

అతన్ని చూసి జనం దారి ఇచ్చారు. జీపు వెనక సీట్లో, కానిస్టేబులు పక్కన, గంగులు కూర్చుని ఉన్నాడు. తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. జీపు ఎక్కడం ఆయన జన్మలో అదే మొదలు కాబోలు, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు దగ్గరగా ముడుచుకున్నాడు.

గణపతిరావుగారు కొండబాబు భుజం మీద చెయ్యి వేశాడు. “ఇంజను చప్పుడు వింటున్నాను. చాలా సంతోషం. రెండో సంగతి కూడా తేలిపోయింది. మీ నాన్న నౌపడ రోడ్డు మీద జీపుకి అడ్డంగా నిలబడి, తనే చేశానని చెప్పాడు. నాకు బాధగానే ఉంది. కానీ ఇందులో నీ తప్పేం లేదు. నీ ఉద్యోగానికి భయం లేదు.”

కొండబాబు తండ్రిని చూశాడు. “అయ్యా.”

“ఏటి సూస్తన్నావు?” అన్నాడు గంగులు మామూలుగా. “అందరి ముందూ తిరగనివ్వనన్నాను. తిరగనివ్వనేదు. ఎల్లి నీ మర సూసుకో.” తరవాత కాస్త ముందుకి వంగి, కొడుక్కి మాత్రమే వినపడేటట్టు అన్నాడు. “దాని బిడ్డ పోయినప్పుడు నాను రానేదురా. నీ మీద పంతం పట్టుకుని, చెల్లెలి కూతురని కూడా సూడకుండా, రానేదు. ఇప్పుడైనా నన్ను దానికి అండగా ఉండనీ.”

నూకయ్య నేలచూపులు చూస్తున్నాడు. ఎవరో ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. పోలీసులు జీపు స్టార్టు చెయ్యబోతున్నారు. కొండబాబు నోరు తెరవాలనుకున్నాడు. తెరిస్తే రాబోయేది గురమ్మ పేరు. తెరవకపోతే చాలు, సాయంత్రానికి పడవ సముద్రం మీద ఉంటుంది, నెల తిరక్కుండా తను కాకినాడలో ఉంటాడు. నోరు మూసుకుని నిలబడితే ఇంత దొరకడం అతని బతుకులో ఎప్పుడూ లేదు.

అతను నిలబడ్డాడు. ఎంతసేపని చెప్పడం కష్టం. ఆ కాసేపూ తను నిలబడి ఉన్నానన్న సంగతి తరవాత అతన్ని జన్మంతా వదలలేదు.

జనం అటువైపు నుంచి కదిలారు. గురమ్మ వచ్చింది. మోచేతుల దాకా చేప పొలుసులు మెరుస్తున్నాయి. పరుగెత్తి వచ్చిందేమో గుండెలు ఎగసిపడుతున్నాయి. ఎవరినీ చూడలేదు, మొగుణ్ణి కూడా. జీపు వెనక రెక్క పట్టుకుని, కాలెత్తి ఎక్కి, కానిస్టేబులు జరిగితే మావగారి పక్కన కూర్చుంది.

“దిగు గురమ్మా” అన్నాడు గంగులు. “ఇది నీ తగువు కాదు.”

“నువ్వు దిగు మావా. ఆ మరకి మూత ఎక్కడుంటాదో కూడా నీకు తెల్దు.” అని ఆఫీసరు వైపు తిరిగింది. “నీలు పోసింది నాను బాబూ. ఈయన కాదు.”

“దానికి మతి పోయినాది బాబూ. దాని మాట నమ్మకండి. నానే పోసినాను.”

“నానే.”

కానిస్టేబులు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. దూరంగా పాయలో ఇంజను తిరుగుతూనే ఉంది. ఆఫీసరు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఈ ఊరి మనుషులు ఆయనకి అంతుపట్టలేదు. ఒకరు చేసిన పనికి ఇద్దరు కొట్టుకోవడం ఆయన ఎక్కడా చూసి ఉండడు. చివరికి కొండబాబు వైపు తిరిగాడు. ఈసారి ఆ గొంతులో మెత్తదనం లేదు.

“నీకు తెలుసు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది నీకు తెలుసని. నీ నోటితో చెప్పు కొండబాబూ. ఈ ఇద్దరిలో ఎవర్ని దింపమంటావు?”